సౌర కంపెనీలు ఊరికి ఎంత బాకీ?

సౌర విద్యుత్ కంపెనీలు సమాజానికి ఏం తిరిగి ఇస్తున్నాయన్న చర్చ ఆంధ్రప్రదేశ్‌లో పదేళ్లుగా నలుగుతూనే ఉంది. నలిగిన కొద్దీ ముడి బిగిసింది తప్ప వీడలేదు. ఒకే మాట చాటున మూడు వేర్వేరు లెక్కలు నడుస్తుండటమే దీనికి కారణం. బడికి బల్లలు, ఊరికి మంచినీటి ప్లాంటు ఇచ్చామని కంపెనీ అంటుంది. అది దానం లెక్క. మా భూమికి రావాల్సింది రాలేదని రైతు అంటాడు. అది బాకీ లెక్క. పాతికేళ్ల పాటు మా నేల మీద పుట్టే కరెంటులో మాకేమిటని పంచాయతీ అడుగుతుంది. అది వాటా లెక్క. బాకీ గురించి అడిగినవాడికి దానం లెక్క చూపిస్తే చర్చ ముందుకు కదలదు. ఇన్నాళ్లూ జరుగుతున్నది చాలావరకు ఇదే.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు నుంచి చూస్తే ఈ మూడూ విడివిడిగా కనిపిస్తాయి. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో వచ్చినంతటి సౌర పార్కు ఇక్కడ రాలేదు. మిర్చి, పత్తి పండే నల్లరేగడి జోలికి కంపెనీలు పెద్దగా రావు. కనిగిరి, దొనకొండ వైపు మెట్ట మీద మాత్రం చాలాకాలంగా కన్నుంది. సముద్రం వైపు కరేడులో సోలార్ ప్యానెళ్ల ఫ్యాక్టరీ భూముల మీద గొడవ రేగింది. ఇక గుంటూరు బ్రాడీపేట లాంటి చోట్ల ఈ వ్యాపారం డాబాల మీదికి ఎక్కింది. అక్కడ కంపెనీకి, సమాజానికి మధ్య ఉన్న సంబంధమే వేరు.

17 రూపాయల నుంచి రెండున్నర దాకా

2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైంది. 2010–11కు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఖరారు చేసిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. ప్రభుత్వాలే బతిమాలి కంపెనీలను తెచ్చుకున్న రోజులవి. ఊరికేమిచ్చావని అడిగే ఊపు అప్పుడు ఎవరికీ లేదు. 2014 డిసెంబరులో కేంద్రం సౌర పార్కుల పథకం తెచ్చింది. లక్ష్యం మొదట 20,000 మెగావాట్లు, 2017లో దాన్ని 40,000కు పెంచారు. భూమి, రోడ్లు, లైన్లు ప్రభుత్వ సంస్థ సిద్ధం చేసి పెడుతుంది, కంపెనీ వచ్చి ప్లేట్లు బిగించుకుంటుంది. రాష్ట్రంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెకీ, రాష్ట్ర సంస్థలు జెన్‌కో, నెడ్‌క్యాప్ కలిసి పెట్టిన ఆంధ్రప్రదేశ్ సౌర విద్యుత్ సంస్థ ఈ బాధ్యత తీసుకుంది. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. భూమి తీసుకున్నది ఒకరు, కరెంటు అమ్ముకునేది మరొకరు కావడంతో ఊరివాళ్లు ఎవరిని నిలదీయాలో తెలియని పరిస్థితి అక్కడే మొదలైంది.

మరో మార్పు ఎవరూ పట్టించుకోకుండా జరిగిపోయింది. బొగ్గు ప్లాంటు పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఊరి బయట షామియానా వేస్తారు, అధికారులు కూర్చుంటారు, తిట్టదలచినవాడు మైకు పట్టుకుని తిట్టొచ్చు. సోలార్ ప్లాంటుకు ఆ అనుమతి అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2011లో చెప్పింది, 2017లో పార్కులకూ అదే వర్తిస్తుందని స్పష్టం చేసింది. పొగ లేని ప్లాంటుకు ఆ మినహాయింపు సబబే. అయితే పొగతో పాటు ఆ మైకూ పోయింది. ఉద్యోగాలు, నీళ్లు, రోడ్ల గురించి కంపెనీ చేత నలుగురి ముందు మాట ఇప్పించుకునే సందర్భం ఊరికి అలాంటిది మరొకటి దాదాపు లేదు.

ఈలోగా ధర జారింది. గని పార్కులో 500 మెగావాట్లకు 2015 నవంబరులో సన్ఎడిసన్ కోట్ చేసింది 4 రూపాయల 63 పైసలు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ దివాలా తీసింది, ప్రాజెక్టు గ్రీన్‌కో చేతికి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కు 250 మెగావాట్లకు 3 రూపాయల 15 పైసలు పలికింది. ధర ఇంతగా పడ్డాక ఊరికి పంచడానికి మిగిలేదేముందని కంపెనీలు అంటాయి. ప్లేట్ల ధరా అంతే పడింది కదా అన్నది ఎదుటివారి జవాబు.

ప్రకాశం మెట్ట వంతు 2020లో వచ్చినట్టే వచ్చి పోయింది. పగటిపూట ఉచిత వ్యవసాయ విద్యుత్ కోసం రాష్ట్ర ప్రభుత్వం పది చోట్ల 6,400 మెగావాట్లకు టెండర్లు పిలిచింది. వాటిలో రుద్రసముద్రం, సీఎస్ పురం అప్పటి ప్రకాశం జిల్లావే, ఒక్కోటి 600 మెగావాట్లు. టెండరు నిబంధనలు చెల్లవని 2021 జూన్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఏడాది డిసెంబరు 1న సెకీతో 7,000 మెగావాట్లకు ఒప్పందం కుదిరింది, యూనిట్ 2 రూపాయల 49 పైసలు, ప్లాంట్లు రాజస్థాన్‌లో. పంపుసెట్టు మార్టూరులో, ప్లేట్లు థార్ ఎడారిలో ఉన్నప్పుడు తిరిగి ఇవ్వాల్సింది ఏ ఊరికి? ఆ ఒప్పందం మీద తర్వాత వచ్చిన ముడుపుల ఆరోపణలు, ఖండనలు వేరే కథ. ఈ ప్రశ్నను మాత్రం ఆ రగడలో ఎవరూ అడగలేదు.

దానం లెక్క

మొదటి వాదన చట్టాన్ని పట్టుకుని నిలబడుతుంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 5 కోట్ల నికర లాభం, 1,000 కోట్ల టర్నోవర్, 500 కోట్ల నికర విలువ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. సీఎస్‌ఆర్ అని వాడుకలో పడిపోయిన ఈ సొమ్ముతోనే తరగతి గదులు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, వీధి దీపాలు వచ్చాయి. వీటిని ఫొటోల కోసం చేసే పనులని కొట్టిపారేయడం తేలిక. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన కనిగిరి, పొదిలి ఊళ్లలో ఒక శుద్ధి ప్లాంటు విలువ అలా కొట్టిపారేసేది కాదు.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు. నీళ్ల ప్లాంటులో మెంబ్రేన్ మార్చాల్సిన రోజుకు కంపెనీ గడువు తీరిపోతుంది. పంచాయతీ దగ్గర డబ్బుండదు. రిబ్బన్ కత్తిరించిన శిలాఫలకం మాత్రం చెక్కుచెదరదు.

అసలు ఎంత వస్తుందో కూడా చూడాలి. మన ఎండకు 1 మెగావాట్ ప్లాంటు ఏటా సుమారు 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్ రెండున్నర చొప్పున 40 లక్షలు. 50 మెగావాట్లకు 20 కోట్లు. వడ్డీ, తరుగుదల పోగా తొలి ఏళ్లలో లాభం 4 కోట్లు అనుకుంటే, చట్టం ప్రకారం ఇవ్వాల్సింది సున్నా. 6 కోట్లు అనుకుంటే 12 లక్షలు. ప్లాంటుకొక కంపెనీ పెట్టడం ఈ రంగంలో మామూలు. బ్యాంకు అప్పు పుట్టడానికి అదే అనువు, ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. ఫలితం మాత్రం ఇది: వందల ఎకరాలు పరుచుకున్న ప్లాంటు కూడా చట్టం కంట్లో చిన్న కంపెనీయే. మాతృ సంస్థ తన 2 శాతం తాను పెట్టొచ్చు, అయితే ఎక్కడ పెడుతుందన్నది దాని ఇష్టం. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉన్నా అది సూచనే గాని నిర్బంధం కాదని కేంద్రమే వివరణ ఇచ్చింది.

కంపెనీ ఇవ్వదలచింది ఒకటి, ఊరికి కావలసింది మరొకటి అయినప్పుడు ఈ దానం ఎంత పనికొస్తుందన్నది ఇంకో తగువు. మిర్చినే తీసుకుందాం. కోసిన కాయ కల్లంలో పది పదిహేను రోజులు ఆరాలి. పొద్దున్నే నెరపాలి, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి. మధ్యలో ఒక్క వాన పడితే రంగు పోతుంది, కాయ తాలు కింద జమ అవుతుంది, మిర్చి యార్డులో ఆ టిక్కీల (బస్తాల) ధరే వేరు. తడి మిగిలితే బూజు, దాంతో అఫ్లటాక్సిన్, ఎగుమతి సరుకు వెనక్కి రావడం. ఇలాంటి నేల మీద సోలార్ కంపెనీ చేయదగిన మేలు సోలార్ డ్రయ్యరే కదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ గ్రామాల్లోకి వస్తున్న చిన్న డ్రయ్యర్లు విడతకు కొద్ది క్వింటాళ్లే పడతాయి. బాగా పండిన ఎకరం ఇరవై క్వింటాళ్లకు పైగా ఇస్తుంది, అదీ ఊరందరికీ ఒకేసారి. నలుగురికి చాలని డ్రయ్యర్ ఊరందరి పేరున ఇస్తే వంతుల తగాదా మిగులుతుంది. పైగా తన వ్యాపారంలో భాగంగా చేసే పనిని కంపెనీ సీఎస్‌ఆర్ కింద చూపకూడదు. సోలార్ కంపెనీ ఇచ్చే సోలార్ సామాను దానమో, రేపటి గిరాకీకి నమూనావో తేల్చడం ఆడిటర్లకూ కష్టమే. చేతనైన పని చేయడం కన్నా బడి గోడకు రంగులు వేయించడమే కంపెనీకి నిశ్చింత అయిపోయింది.

బాకీ లెక్క

రెండో వాదన ప్రకారం దానం మాట తర్వాత, ముందు భూమి లెక్క తేలాలి. సౌర విద్యుత్‌కు మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. బీడు భూమి అని రికార్డుల్లో ఉన్నదంతా నిజంగా బీడు కాదు. పేదలకు ప్రభుత్వం అసైన్ చేసిన డీ-పట్టా భూములున్నాయి, పట్టా లేకుండా తరాలుగా దున్నుకుంటున్న శివాయి జమాదార్లున్నారు, గొర్రెల మంద మేసే బయళ్లున్నాయి. అసైన్డ్ భూమిని ప్రజావసరానికి వెనక్కి తీసుకున్నా, పూర్తి హక్కుదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. అయినా అనంతపురం జిల్లా ఎన్‌పీ కుంటలో పార్కు వచ్చినప్పుడు ఎవరికి ఎంత, పట్టా లేనివారి సంగతేమిటన్న తగువు తప్పలేదు. కోర్టు తీర్పు పట్టాదారును కాపాడింది. పట్టా లేనివాడు అధికారి దయ మీదే మిగిలాడు.

కొనడం మానేసి కౌలుకు తీసుకుంటే ఈ గొడవ ఉండదన్నది కర్ణాటక కనిపెట్టిన దారి. పావగడ తాలూకాలో, అనంతపురం సరిహద్దుకు ఆనుకుని తెలుగు ఇళ్లు నిండుగా ఉన్న ఊళ్లలో, సుమారు 13,000 ఎకరాలను రైతుల దగ్గర కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల పార్కు పెట్టారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన కోసం ఆకాశం చూసే మెట్ట రైతుకు అది నికరమైన రాబడి, భూమీ తన పేరునే ఉంటుంది. ఇంతవరకు దీని కన్నా మెరుగైన ఏర్పాటు దక్షిణాదిలో రాలేదనే చెప్పాలి. కానీ కౌలు సొమ్ము ఎకరాల లెక్కన పోతుంది కాబట్టి వంద ఎకరాల ఆసామికి వంద వాటాలు, ఆ పొలాల్లో కూలికి పోయే మనిషికి గడ్డి కోసే పని, ప్లేట్లు కడిగే పని, వాచ్‌మన్ పని. అవీ అందరికీ దొరకవు.

మన రాష్ట్రం 2024 అక్టోబరులో ప్రకటించిన క్లీన్ ఎనర్జీ విధానం కౌలును ఎకరాకు 31,000గా, రెండేళ్లకు 5 శాతం పెంపుతో పెట్టింది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగినప్పుడూ ప్రైవేటు భూమికి ఇదే అంకె వినిపించింది. నీటి వసతి ఉన్న మిర్చి నేల ఈ ధరకు కదలదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురుచూస్తున్న మెట్ట కదులుతుంది. అక్కడే ఒక మెలిక ఉంది. ఈ జిల్లాల్లో పత్తి, మిర్చి, పొగాకు వేసేది చాలాచోట్ల కౌలు రైతు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, ఒప్పందం 11 నెలలకే. యజమాని ఆ పొలాన్ని కంపెనీకి 25 ఏళ్లకు ఇచ్చేస్తే కౌలు రైతు పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పావగడలో కూలీకి జరిగింది ఇక్కడ కౌలు రైతుకు జరుగుతుంది, సంఖ్యలో ఇంకా ఎక్కువమందికి.

కరేడుది ఇంకో రకం. పాత ప్రకాశం జిల్లా ఉలవపాడు మండలంలోని ఈ ఊళ్లో ఇండోసోల్ ప్యానెళ్ల ఫ్యాక్టరీకి వేల ఎకరాలు సేకరించాలని తలపెట్టినప్పుడు, 2025 జూన్ చివర ఊరు ఊరంతా జాతీయ రహదారి మీదికి వచ్చింది. పచ్చని పంట పొలాలివి, మాకు ఉద్యోగాలూ వద్దు, పరిహారమూ వద్దు అన్నది వారి మాట. ఏమిస్తారన్న ప్రశ్నకు ముందు ఇవ్వను అనే హక్కు ఉందా అన్న ప్రశ్న ఉంటుందని ఆ ఊరు గుర్తుచేసింది. తిరిగి ఇవ్వడం గురించి రాసేవాళ్లు దీన్ని సాధారణంగా దాటేస్తారు.

వాటా లెక్క

మూడో వాదన అన్నిటికన్నా కొత్తది. నా మొగ్గు కూడా దీనివైపే. ఊరికి రావాల్సింది లాభంలో 2 శాతం కాదు, కరెంటులోనే ఒక భాగం కావాలంటుంది. ఇది వింత కోరికేం కాదు. 2008 జలవిద్యుత్ విధానం రాష్ట్రానికి 12 శాతం ఉచిత కరెంటు కాక మరో 1 శాతాన్ని స్థానిక అభివృద్ధి నిధికి కేటాయించింది, నిర్వాసిత కుటుంబానికి పదేళ్లపాటు నెలకు 100 యూనిట్లు ఇవ్వమంది. గనులకు 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. చీమకుర్తి గ్రానైట్ తవ్వితే జిల్లాకు వాటా వస్తుంది. ఎండను తవ్వుకుంటే రాదు.

బయట దేశాల్లో రెండు మాదిరులున్నాయి. జర్మనీలో సౌర ప్లాంటు తానున్న మున్సిపాలిటీకి యూనిట్‌కు 0.2 సెంట్లు, మన డబ్బుల్లో ఇరవై పైసలకు అటూఇటూగా, ఇవ్వొచ్చు. సబ్సిడీ కరెంటు అయితే ఆ సొమ్ము కంపెనీకి తిరిగి వస్తుంది, అంటే భారం చివరికి ఖజానాది. దక్షిణాఫ్రికాలో టెండరు నిబంధనల్లోనే ఆదాయంలో కనీసం 1 శాతం స్థానిక అభివృద్ధికి, కనీసం 2.5 శాతం యాజమాన్యం 50 కిలోమీటర్ల లోపు జనానికి అని రాశారు. మన దగ్గర గుజరాత్ ఢుండీ గ్రామంలో 2016లో రైతులే సహకార సంఘం పెట్టి పంపుసెట్టు సోలార్ కరెంటు మిగిలితే అమ్ముకున్నారు. తెలంగాణ మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల ప్లాంట్లు పెట్టిస్తానంటోంది. ఊరే కంపెనీ అయితే తిరిగి ఇచ్చే ప్రశ్నే లేదు గాని, నష్టమొస్తే భరించేదీ ఊరే.

ఆంధ్రప్రదేశ్ 2020లో తెచ్చిన పునరుత్పాదక విద్యుత్ ఎగుమతి విధానంలో మెగావాట్‌కు ఏడాదికి లక్ష రూపాయల అభివృద్ధి రుసుము పెట్టారు. యూనిట్‌కు ఆరు పైసలు. అదే 50 మెగావాట్ల ప్లాంటు మీద లెక్కిస్తే 50 లక్షలు, సీఎస్‌ఆర్ ఇచ్చే సున్నాతోనో 12 లక్షలతోనో పోలిస్తే ఎంతో ఎక్కువ. కాకపోతే ఆ సొమ్ము చేరేది రాష్ట్రానికి, ఊరికి కాదు.

మూడిటినీ పక్కపక్కన పెడితే తేడాలు స్పష్టమవుతాయి. దానం లాభం వస్తేనే వస్తుంది, ఎక్కడ పెట్టాలో కంపెనీ తేలుస్తుంది, కానీ కరెంటు ధర మీద పడదు. కౌలు తప్పకుండా వస్తుంది, కానీ భూమి ఉన్నవాడికే. వాటా లాభనష్టాలతో పని లేకుండా వస్తుంది, భూమి లేనివాడికీ చేరే వీలుంది, కానీ ఎవరో ఒకరు కట్టాలి.

ఆ ఎవరో అన్నది చిన్న సంగతి కాదు. టెండరుకు ముందే వాటా నిబంధన పెడితే కంపెనీలన్నీ దాన్ని కలుపుకునే ధర కోట్ చేస్తాయి. ఒప్పందం అయ్యాక పెడితే చట్టం మారిందన్న క్లాజు చూపి డిస్కంను అడుగుతాయి. ఎటు తిరిగినా ఆరు పైసలు బిల్లులోకి వస్తాయి. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత గాలి, సౌర ఒప్పందాల ధరలు తగ్గించబోతే, కేసు నడిచినన్నాళ్లు సౌర విద్యుత్‌కు యూనిట్ 2 రూపాయల 44 పైసలే చెల్లించారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ధరే ఇవ్వాలంది. ఆ మూడేళ్లూ ఊరికి ఏమిచ్చారని అడిగితే మాకే రావడం లేదని కంపెనీలు అన్నాయి. కాదనలేం.

బ్రాడీపేట డాబాల మీద

ఇప్పటిదాకా కంపెనీ అంటే ఊరి మీదికి వచ్చేది. బ్రాడీపేటలో కంపెనీ అంటే ఇంటివాడు ఫోన్ చేసి పిలిపించుకునేది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు 30,000, 2కు 60,000, 3కు, ఆపైన 78,000 సబ్సిడీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు అదనపు సబ్సిడీతో ఇవ్వాలని రాష్ట్రం నిర్ణయించింది. ఇక్కడ సమాజానికి ఇస్తున్నది ప్రభుత్వం, బిగించేవాడు కూలి తీసుకునే పనివాడు. ఈ పేటల్లో తిరిగే చిన్న సంస్థల లాభం 135వ సెక్షన్ దరిదాపుల్లోకి రాదు.

అయినా వాటి మీద బాధ్యత లేదనలేం. పథకం ప్రకారం అయిదేళ్లు మరమ్మతు చూడాలి. ప్లేటుకు రాసిచ్చేది పాతికేళ్ల వారంటీ. ఎండ ముదిరే కొద్దీ, ప్లేటు వేడి 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం పడిపోతుంది. మే నెలలో గుంటూరు డాబా మీద ప్లేటు ఎంత కాగుతుందో చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లతో కడిగితే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఇన్వర్టర్ చెడితే ఆరో ఏడాది ఫోన్ ఎత్తేవాడు ఉండటమే ఇక్కడ తిరిగి ఇవ్వడం.

అపార్ట్‌మెంట్ల చిక్కు వేరు. పైకప్పు అందరిదీ, బిల్లులు ఎవరివి వారివి. ఉన్న జాగాలో నీళ్ల ట్యాంకులు, లిఫ్ట్ గది నీడ, బట్టల తీగలు పోగా మిగిలింది ఎవరిది? ఉమ్మడి లైట్లు, మోటార్లు, లిఫ్ట్ కోసం అసోసియేషన్ పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. గదుల్లో అద్దెకుండే విద్యార్థికి, పక్క సందులో రేకుల ఇంటికి అదేమీ అందదు. పల్లెలో కౌలు రైతు ఎక్కడ మిగిలాడో పేటలో అద్దెదారు అక్కడే మిగిలాడు. ఈ పోలిక చర్చలో ఎవరూ తెచ్చినట్టు లేదు. సబ్సిడీ పైకప్పును చూస్తుంది, కౌలు పాస్‌బుక్కును చూస్తుంది.

తేలనివి

సమాజం అంటే ఎవరన్నది మొదటిది. పంచాయతీకి ఇస్తే సర్పంచి చేతికి, కలెక్టరుకిస్తే జిల్లా కేంద్రానికి పోతుందన్న భయాలు రెండూ నిజమే. ఖనిజ నిధి అనుభవం చూసినవారు నిధి పెట్టడం కన్నా దాని ఖర్చు ఊరి ముందు చదివించడం కష్టమంటారు. గ్రామసభలో ఏటా లెక్క చదవాలన్న షరతు లేకుండా వాటా వాదం గెలిచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండోది ఎప్పటి నుంచి అన్నది. ఒప్పందాలు అయిపోయిన ప్లాంట్లకు కొత్త రుసుము పెట్టడం కోర్టుల్లో నిలవడం కష్టం. దొనకొండ, సీఎస్ పురం లాంటి చోట్ల ఇంకా ఒప్పందాలు కాని ప్లాంట్ల విషయంలో మాత్రం టెండరు కాగితంలోనే రాసే అవకాశం ఉంది.

మూడోది పాతికేళ్ల తర్వాతి సంగతి. 2022 ఇ-వ్యర్థాల నియమాలు సోలార్ ప్యానెళ్లను తమ పరిధిలోకి తెచ్చాయి, కానీ తయారీదారులు పాడైన ప్యానెళ్లను 2034–35 దాకా నిల్వ చేసి ఉంచాలన్నాయి. కర్నూలు ప్లాంట్ల పాతికేళ్లు 2042లో నిండుతాయి. భూమిలో దిగేసిన ఇనుప కాళ్లను ఎవరు పీకాలి, గట్లు ఎవరు వేయాలి, అప్పటికి కంపెనీ మూడు చేతులు మారితే ఎవరిని అడగాలి? కౌలు కాగితం మీద సంతకం పెట్టబోయే కనిగిరి రైతు ఆ పేరా ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి. లేకపోతే రాయించుకోవాలి.